పద్నాలుగో పేరు

టైపిస్టు పదమూడో పేరు చదివి, ఆగకుండా పదిహేనో పేరుకు దూకాడు. ప్రధాని కళ్లజోడు తీశారు.

టైపు చేసిన ప్రతి కాగితాన్నీ సంతకానికి ముందు పైకి చదవడం ఆ గదిలో పాత పద్ధతి. ఏడాదిలో ముగ్గురు ప్రధానులు మారినా అది మారలేదు. ముప్పై ఏళ్లలో ఈ టైపిస్టు ఒక్క కామా మింగి ఎరగడు. అందుకే ఆఫీసంతా ‘కామాగారు’ అంటుంది.

“పద్నాలుగు?” అన్నారావిడ.

“బట్టల మిల్లమ్మా. మా తమ్ముడు అక్కడే ఫిట్టరు.”

ఆవిడ కిటికీ వైపు చూశారు. ఖజానా ఖాళీ. ప్రభుత్వం ఎన్నాళ్లుంటుందో తెలీదు. నష్టాల్లో మునిగిన ఇరవై మిల్లులు మూసేస్తే గాని దేశం నిలబడదట. నిలబడుతుందేమో, ఎవరు చూడొచ్చారు!

“అదొక్కటీ కొట్టేస్తే మిగతా పంతొమ్మిది ఊళ్లకి ఏ ముఖం పెట్టుకుని చెప్పనండీ? చదవండి. ఐదింటికి రేడియోలో నేనే చెబుతాను. అందాకా పెదవి దాటకూడదు.”

చదివాడు.

మధ్యాహ్నం తమ్ముడు రోజూలాగే సైకిలు మీద భోజనం క్యారియరు తెచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. గోళ్లలో నూనె మురికి. పెళ్లీ పెటాకులూ లేని మనిషి, అన్నయ్యే లోకం.

“అన్నయ్యా, పంపుల షెడ్డులో ఉద్యోగమిస్తారట. మూడింటిలోపు చెప్పాలి. మిల్లు మూస్తారని ఒకటే పుకార్లు. నీకు తెలీకుండా ఉంటుందా?”

కామాగారు క్యారియరు అందుకున్నాడు.

“ఏం లేదురా.”

“నువ్వు లేదంటే లేదంతే! రానని చెప్పేస్తా. సాయంత్రం సిద్ధంగా ఉండు మహారాజా, నీ రథం వచ్చేస్తుంది.”

మహారాజుకి సైకిలు తొక్కడం రాదు. ఇరవై ఏళ్లుగా వెనక సీటే.

ఐదింటికి ప్రధాని గొంతు ఒక్కో పేరూ చదివింది. పద్నాలుగోది కూడా తడబడకుండా చదివింది. కామాగారు టైపు మిషను మీద గుడ్డ కప్పి మెట్లు దిగాడు. గేటు దగ్గరికి చేరేసరికి కాపలావాడు రేడియో కట్టేస్తున్నాడు.

“మీ తమ్ముడొచ్చాడండీ. ఇక్కడే నిలబడి అంతా విన్నాడు. ‘ఇది మా అన్నయ్యే టైపు చేశాడా?’ అన్నాడు. అన్నీ ఆయనేగా అన్నాను. రైలు స్టేషను వైపు నడిచి వెళ్లిపోయాడు.”

తమ్ముడు ఆ రాత్రి ఇంటికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. కామాగారికి మళ్లీ ఏ కాగితంలోనూ పదమూడు తర్వాతి అంకె సాఫీగా గొంతు దాటలేదు.

ఆ సాయంత్రం తమ్ముడు వదిలి వెళ్లిన సైకిలు గేటు గోడకు ఆనించి ఉంది. దాని వెనక సీటు మీద, అన్నయ్యకి కుదుపు తగలకుండా మిల్లు గుడ్డ నాలుగు మడతలు వేసి కట్టిన మెత్త అలాగే ఉంది.