దుప్పట్ల షాపులో పూనకం

మొదట ఆ వ్యాపారి చేతిలో ఉన్నవి ఇవి: ఒకే గుమ్మం ఉన్న షాపు, దాని నిండా చవగ్గా పడ్డ దుప్పట్లు, గంట మోగినట్టు అరిచే బావమరిది. వీటికి తోడు దుప్పట్లు మడతపెట్టే భార్య, గల్లా దగ్గర కూర్చునే మామగారు. నిఘంటువుల అచ్చుతప్పులు దిద్దుతూ రిటైరైన ఆయనకి కాస్త దుమ్ము రేగినా ఊపిరాడదు.

వ్యాపారికి ఒక కిటుకు తెలుసు. షట్టరు సగమే ఎత్తేవాడు. వంగి దూరాల్సి వస్తే సరుకు అయిపోవస్తోందని జనం అనుకుంటారు. ఆ పొద్దున బావమరిది కొనేవాడిలా అలాగే దూరి, చేతికందినన్ని దుప్పట్లు వాటేసుకుని అన్నీ తనవేనన్నాడు. అంతే, వీధి వీధంతా మీద పడింది. తోపులాటలో షట్టరు మోకాలి ఎత్తుకి జారి బిగుసుకుంది. షాపు కట్టేస్తున్నారనుకుని బయటివాళ్ళు దాన్ని ఇంకా నెట్టారు. లోపలివాళ్ళు ఎత్తాలంటే ముందు చేతుల్లోవి కింద పెట్టాలి. ఎవరు పెడతారు?

మామగారు బల్లకీ గోడకీ మధ్య నలిగిపోతున్నారు. పెదాలు నీలం తిరిగాయి.

"వీళ్ళు మనుషులేనా మామయ్యా?"

"పూనకం, అల్లుడూ." ఒక్కో మాటకీ ఊపిరి వెతుక్కుంటున్నారు. "పూనడమంటే మీదేసుకోవడం. బండికి ఎడ్లని పూన్చడమన్నా ఇందులోదే. కాడి మెడమీద పడ్డాక ఎటు పోవాలన్నది ఎద్దు చేతిలో ఉండదు."

"మరి తోలేవాడి చేతిలోనా?"

ఆయన అల్లుడికేసి చూశారు. వెంటనే దగ్గు ముంచుకొచ్చింది.

సరుకు గుట్టు దాస్తే మామగారు దక్కరు, చెబితే సరుకు దక్కదు. అతను బల్లెక్కాడు. దుప్పట్లు మంచివి కావనీ, తడిస్తే రంగు దిగుతుందనీ, తెలిసే కొన్నాననీ చెప్పేశాడు.

"విన్నారా, మనకివ్వడం ఇష్టం లేదు," అంది ముందున్న ఒకావిడ. "గట్టిగా పట్టుకోండి."

పట్టు బిగిసింది. జీవితంలో మొదటిసారి సరుకు గురించి నిజం చెబితే దాన్ని కొనేవాడే లేకపోయాడు.

భార్య మూలనున్న మంచినీళ్ళ బిందె అందుకుంది. బిందెలో నీళ్ళు తమ్ముడి చేతుల్లోని దుప్పటి మీద కుమ్మరించి పిండింది. ఎర్రటి నీళ్ళు వాడి తెల్ల చొక్కా మీదుగా నేలకి కారాయి.

"అక్కా, కొత్త చొక్కా," అన్నాడు గంటగాడు, ఎన్నడూ లేనంత నెమ్మదిగా.

ఆ మాట అందరికీ వినబడింది. ఒక్కో చెయ్యీ సడలింది. చెమటకి రంగంటిన అరచేతులు చూసుకున్నవాళ్ళే వంగి షట్టరు ఎత్తారు. మామగారిని మోసుకెళ్ళి అరుగు మీద పడుకోబెట్టారు.

సాయంత్రానికి లెక్క తేలింది. సరుకు పోయింది, వీధిలో మాట పోయింది, బావమరిది ఆ రోజుకి అలిగాడు. రాబడి వైపు ఒక్కటే పద్దు: మామగారు లేచి కూర్చుని, నిండు ఊపిరితో, ఆపకుండా అల్లుణ్ణి తిడుతున్నారు. అతను చేతులు కట్టుకుని ఆసాంతం విన్నాడు. ఎటు నుంచి కూడినా లాభమే వచ్చింది.