పాలపిట్ట కింద జేబు

మిర్చియార్డుకు పోయే రోడ్డు మీద ఉంటుంది శివపార్వతి కొట్టు. ఇరవయ్యేళ్ళుగా బ్లౌజులు కుడుతోంది, వాటి మీద మగ్గం వర్కు చేస్తోంది. ఆమె పనికి వంక పెట్టినవాళ్ళు లేరు. పెట్టినా ఆమె వినిపించుకునే రకం కాదు. అలాంటి మనిషి ఆ ఉదయం, జన్మలో ముట్టుకోని పనికి ఒప్పుకుని చిక్కులో పడింది. అన్విత అనే ఇంజనీరింగు పిల్ల తన లెదర్ జాకెట్ తెచ్చి, ఎడమవైపు గుండె మీద ఎగిరే పాలపిట్ట కావాలంది. గుడ్డ మీద పట్టుదారంతో విడిగా కుట్టిన పిట్ట ఒకటి కొట్టులో ముందే ఉంది; అలాంటి పని శివపార్వతికి నల్లేరు మీద నడక. దాన్ని తీసుకెళ్ళి తోలుకు అతికించి కుట్టడమే గండం.

"చూసి కుట్టు చెల్లెమ్మా," అన్నాడు పక్కకొట్టు మొహిద్దీన్ బాషా. ఆయన బైకు సీట్లకు కవర్లు కుడతాడు. "గుడ్డయితే విప్పి మళ్ళీ కుడతావు. తోలుకి బొక్క పడితే పడ్డట్టే. ముందు లోపల కూడా తడిమి చూసుకో."

"ఆ మాత్రం నాకు తెలీదా అన్నయ్యా?" అంది శివపార్వతి, ఆయన దగ్గరే తోలుసూది అడిగి పుచ్చుకుంటూ.

విన్నది సగం మాటే. గుండుసూదులు గుచ్చలేదు, కచ్చాకుట్టు వెయ్యలేదు, బట్టలారేసే క్లిప్పులు పెట్టి పిట్టను కదలకుండా నిలబెట్టింది. మోటారు ఆపేసి, మిషను చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టే వేసింది. కళ్ళు పిట్ట అంచును వదల్లేదు. పని అయ్యేసరికి వీపంతా చెమట. ఎక్కడా కుట్టు దారి తప్పలేదు. సంబరంగా జాకెట్ ఎత్తి దులిపితే లోపల ఏదో కదిలినట్టయింది. జిప్పేమోలే అనుకుంది.

పెట్రోలు కొట్టించుకొస్తానని వెళ్ళిన అన్విత అప్పుడే వచ్చింది. "అబ్బ, ఎంత బాగుంది ఆంటీ!" అంటూ జాకెట్ తొడుక్కుని, మెడదాకా జిప్పు లాక్కుని, అద్దం ముందు నిలబడింది. పిడుగురాళ్ల వైపు షికారుకి స్నేహితులు బైపాస్ దగ్గర ఎదురు చూస్తున్నారట.

సరిగ్గా అప్పుడే యార్డుకు పోతున్న ఆటో మీంచి మిరపకాయల టిక్కీ బస్తా ఒకటి జారి, కొట్టు ముందు పడి పగిలింది. వెనక వచ్చే లారీ దాన్ని తొక్కుకుంటూ పోయింది. ఘాటు గుప్పుమని లోపలికి కొట్టింది. శివపార్వతి దగ్గింది, బాషా దగ్గాడు, రోడ్డంతా దగ్గింది. గుంటూరోళ్ళకు ఇది కొత్తేమీ కాదు. కొంగుతో ముక్కు తుడుచుకుని ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు.

అన్విత దగ్గు మాత్రం ఆగలేదు. దగ్గు కాస్తా పిల్లికూతల్లోకి దిగింది. జిప్పు కిందికి లాగి, చెయ్యి లోపలికి పోనిచ్చి వెతుక్కుంది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"పాకెట్... నా పఫ్..." అంది. తరవాత మాట రాలేదు.

శివపార్వతి జాకెట్ అంచు తిప్పి చూసింది. లోపల జేబు ఉంది. జేబు నోటికి అడ్డంగా, వరస తప్పకుండా, ముద్దుగా తను వేసిన కుట్లు. కింద లోగుడ్డలో, ఉబ్బసానికి పీల్చే ఇన్‌హేలర్ గట్టిగా చేతికి తగులుతోంది.

బ్లేడు అందుకుని ఒక కుట్టు తెంపింది. ఇంకోటి తెంపింది. పిట్ట రెక్క చెడకుండా తెంపుతున్నానని ఆమెకు అప్పుడు తట్టింది. ఎదురుగా పిల్ల పెదాలు నల్లబడుతున్నాయి, తను చూసేది రెక్కనా? తన మీద తనకే అసహ్యం వేసింది.

"అన్నయ్యా, పట్టుకో!" అని కేకేసి, బ్లేడు పడేసి కత్తెర అందుకుంది. బాషా ఉరికొచ్చి అన్వితను కుర్చీలో కూర్చోబెట్టి భుజాలు పట్టుకున్నాడు. పిల్ల డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. కత్తెర వేలెడు పక్కకు పోయినా పక్కటెముకల్లోనే. శివపార్వతి లోగుడ్డను గుప్పిట్లో బిగించి, ఒంటికి దూరంగా లాగి, ఒక్క కోత కోసింది. ఇన్‌హేలర్ ఊడిపడి మిషను కిందికి దొర్లింది. నేల మీద పడి పాకి తెచ్చి పిల్ల నోటికి అందించింది.

ఒకసారి పీల్చింది. మళ్ళీ పీల్చింది. పిల్లికూతలు ఎప్పటికి తగ్గాయో గానీ, అందాకా శివపార్వతి కూడా ఊపిరి తీసుకున్నట్టు లేదు.

బాషా మంచినీళ్ళు తెచ్చాడు. అన్విత ఫోను చేసి, ఈ రోజు రానని స్నేహితులకు చెప్పింది. ఆ తరవాత, కోపంగా కాదు గానీ, వింతగా అడిగింది. "లోపల పాకెట్ ఉంటదని ఎలా తెలీలేదు ఆంటీ?"

శివపార్వతికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "నేను కుట్టిన వేటికీ జేబుండదమ్మా. ఇన్నేళ్ళలో ఒక్క ఆడమనిషీ జేబు పెట్టమని అడగలా, నేనూ పెట్టలా. దానికోసం వెతకాలని చేతికే తెలీదు."

అన్విత జాకెట్ విప్పి ఆమె ఒళ్ళో పెట్టింది.

శివపార్వతి పిట్టను పూర్తిగా ఊడదీసింది. కోసిన లోగుడ్డకు కొత్త గుడ్డ వేసి జేబు బాగుచేసింది. ఈసారి మిషను జోలికి పోలేదు. తోలులో పడ్డ పాత బొక్కల్లోంచే చేతిసూదితో కుట్టడం మొదలుపెట్టింది. ఎడమచెయ్యి మణికట్టుదాకా జేబులో పెట్టి, అక్కడే ఉంచింది.

"ఆ చెయ్యి తియ్ చెల్లెమ్మా," అన్నాడు బాషా. "సూది గుచ్చుకుద్ది."

"గుచ్చుకోనీ అన్నయ్యా," అంది ఆమె తలెత్తకుండా. "గుచ్చుకుంటేనేగా నాకు తెలిసేది."