గువ్వలపాడులో డిసెంబరు గది

పొద్దున ఆరున్నరకి కోల్డ్ స్టోరేజీ గేటు తీస్తారు. ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళు పాత చీర ముక్కలు ముక్కుకీ నోటికీ అడ్డం కట్టుకుని రేకుల షెడ్డు కింద కూర్చుంటారు. ముందర ఎర్రటి మిరపకాయల గుట్ట. ఒక్కో కాయ తీసి ముచ్చిక తుంచి కాయని ఇటు, ముచ్చికని అటు వేస్తారు. కేజీకి ఇంతని కూలి. మధ్యాహ్నానికి నెత్తిమీద రేకు కాలిన పెనమవుతుంది. ఘాటుకి కళ్ళు మండి, ఆ కళ్ళు తుడుచుకోను చేతులు పనికిరాక, భుజాలతో తుడుచుకుంటూ ఉంటారు.

బాగుచేసిన కాయల్ని టిక్కీలనే గోనె బస్తాలకెత్తి గోడ అవతలికి మోస్తారు. గోడ అవతల ఎండాకాలం లేదు. కాయ రంగు దిగకూడదని అక్కడ పగలూ రాత్రీ మిషన్లు తిరిగి చలి పుట్టిస్తాయి. గోడ ఇవతల మనిషి రంగు ఏమైనా ఎవరికీ నష్టం లేదు. సరుక్కున్న హక్కు మనిషికి లేని చోటు చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, గురజాల నుంచి మాచర్ల దారి పట్టి గువ్వలపాడులో దిగితే చాలు.

ఆ షెడ్డులోనే కిందటి మే నెలలో కాంతమ్మ పడిపోయింది. గురజాల డాక్టరు బతికించి, ఇంకోసారి వడదెబ్బ తగిలితే తన చేతిలో ఉండదని, ఎండలో, వేడిలో పని మానేయమని చెప్పాడు. ఆ మాట సూర్యుడికి చెప్పమని కాంతమ్మ నవ్వి, వారం తిరక్కముందే మళ్ళీ గుట్ట ముందు కూర్చుంది. ఇప్పుడు మళ్ళీ మే వచ్చింది.

కూతురు నిస్సీకి నిద్ర పట్టడం మానేసింది. నరసరావుపేటలో చరిత్ర డిగ్రీ చేసి, సంచీడు పుస్తకాలూ కరపత్రాలూ వేసుకుని ఇంటికొచ్చిన పిల్ల. శ్రమకి నీడ కావాలంటుంది, ప్రజల చరిత్ర ప్రజలే చెప్పుకోవాలంటుంది. కంచం ముందు కూర్చున్నా అవే మాటలు. "నువ్వు నోరు తెరిస్తే మైకు లేకపోయినా మైకులో మాట్లాడినట్టే ఉంటదే," అనేది కాంతమ్మ.

షెడ్డుకి రెండు పెద్ద కూలర్లు పెట్టించమని నిస్సీ మేనేజరు సుధీర్ బాబుని అడిగింది. ఆయన మంచిగానే మాట్లాడాడు, చల్లటి సోడా ఇప్పించాడు, కూలర్లకు మాత్రం కంపెనీలో పద్దు లేదన్నాడు. ఆమె ఇంటికొచ్చింది. కూలీలంటే ఎవరూ రూపాయి తీయరు, దయ్యాలంటే తీస్తారు అనుకుంది. మర్నాటికల్లా కరపత్రం తయారైంది. మరిచిన పల్నాడు, రాత్రి నడక. దయ్యాలున్న చోట్లు, దిక్కులేని చరిత్ర. టిక్కెట్టు రెండొందలు, కూలర్ల కోసం. సుధీర్ బాబు కూడా ఒక టిక్కెట్టు కొని ఫోటో దిగాడు.

నడకలో ఆఖరి మజిలీ ఊరికి తూర్పునున్న క్రైస్తవ మిషన్ వాళ్ళ పాత ఆస్పత్రి. డాక్టరూ మందులూ వెళ్ళిపోయి ముప్పై ఏళ్ళు దాటింది. నర్సు సలోమి సిస్టరు మాత్రం ఉంది. అంతకు కొన్నేళ్ళ ముందే ఒక డిసెంబరు రాత్రి డ్యూటీలో, కుర్చీలో కూర్చునే ప్రాణం విడిచింది గానీ డ్యూటీ దిగలేదు. ఆమెతో పాటు ఆ డిసెంబరు కూడా ఆ గది విడిచి పోలేదు. బయట నలభై ఏడు డిగ్రీలు కాస్తున్నా వార్డు గోడలు మంచు పట్టినట్టే ఉంటాయి. పక్కింటి షహనాజ్ ఆ వార్డు కిటికీ గట్టు మీద పెరుగు గిన్నె పెట్టుకుంటుంది, పెళ్ళిళ్ళ రోజుల్లో మల్లెపూల బుట్టలు పెడుతుంది. గట్టు మీద చోటు కోసం ఆడవాళ్ళ మధ్య అప్పుడప్పుడూ మాటామాటా వస్తుంది, అంతే.

లోపలికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. తలుపుకి తాళం లేదు. తోస్తే లోపలి నుంచి సిస్టరు గొంతు, చీటీ తెచ్చుకున్నారా అని అడుగుతుంది. లేదంటే తలుపు కదలదు. ఆస్పత్రి అన్నాక చీటీ ఉండాలి గదా అనుకుని జనం ఇళ్ళకి పోయేవాళ్ళు. కౌంటరు మూసేశారు కాబట్టి చీటీలు లేవు, చీటీలు లేవు కాబట్టి లోపలికి దారి లేదు. ఊరంతా అలా సర్దుకుంది. ఆ కౌంటర్లో కూర్చుని చీటీలు రాసిన రాజారత్నం రెండు వీధుల అవతల మేకలు కాసుకుంటూ బతికే ఉన్నాడన్న సంగతి అందరికీ తెలుసు. తెలిసీ ఎవరికీ తోచలేదు. పైవాళ్ళు మూసిన కిటికీని కింది వాళ్ళం తెరవొచ్చని మనకెవరూ నేర్పరు.

శనివారం సాయంత్రం ఏడింటికి మౌలాలీ వ్యానులో నరసరావుపేట, మాచర్ల నుంచి పాతిక మంది దిగారు. మౌలాలీ షహనాజ్ మొగుడు, మెకానిక్కు. ముచ్చికలు తీసే ఆడవాళ్ళంతా టిక్కెట్టు లేకుండానే వెంటపడ్డారు. మన ఊరి సంగతులు మనం వినను టిక్కెట్టేందని వాళ్ళ వాదన. నిస్సీకి ఆ వాదన చానా నచ్చింది.

మొదట బస్టాపు వెనక మురుక్కాలవ మీద దాటను వేసిన రాతిపలకని చూపించింది. కడిగి టార్చి వేస్తే కత్తెత్తిన రౌతూ గుర్రమూ కనపడ్డాయి. "కత్తి పట్టినోడికి రాయి చెక్కారు," అంది నిస్సీ. "ఆ గుర్రానికి గడ్డి కోసినామె పేరు ఎవరన్నా చెప్పగలరా?"

వెనక నుంచి ఒకామె, ఎవరో మన కాంతమ్మ లాంటిదే అయ్యుంటదిలే అంది. ఆడవాళ్ళంతా నవ్వారు. కాంతమ్మ నవ్వలేదు.

రెండోది ఉప్పు బండ్ల వాళ్ళు ఎద్దులకి నీళ్ళు పెట్టిన బావి. రాత్రిళ్ళు ఎద్దుల గజ్జెలు వినపడతాయని ప్రతీతి. పట్నం వాళ్ళు ఊపిరి బిగబట్టి పావుగంట విన్నారు. కప్ప ఒకటి అరిచింది. దయ్యాలు కూడా పని దొరక్క హైదరాబాదు పోయినై అన్నాడు మౌలాలీ.

ఆస్పత్రి చేరేసరికి తొమ్మిదయింది. వడగాలి ఇంకా వీస్తూనే ఉంది. రాజారత్నం గేటు బయటే నిలబడి కథ చెప్పడం మొదలెట్టాడు. లోపలికి రమ్మంటే రాలేదు, ఆ షరతు మీదే కథ చెప్పను ఒప్పుకున్నాడు. చీటీలు పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఇచ్చేవాళ్ళమని, రోజుకి వంద మంది వచ్చేవాళ్ళని చెబుతూ ఉండగా కాంతమ్మ అరుగు మీద కూర్చోబోయి పక్కకి ఒరిగింది.

నిస్సీ పట్టుకుంది. ఒళ్ళు రేకులా కాలుతోంది, చెమట చుక్క లేదు. మధ్యాహ్నం నుంచే చెమట ఆగిపోయిందని, కూతురి ఫంక్షను పాడవుద్దని ఎవరికీ చెప్పలేదని పక్కన కూర్చుని పని చేసే ఆమె ఇప్పుడు చెప్పింది. కాంతమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ చూడటం లేదు. గాల్లో లేని కాయల ముచ్చికలు తుంచుతోంది.

మౌలాలీ వ్యాను వైపు పరిగెత్తబోయాడు. నరసరావుపేట నుంచి వచ్చినవాళ్ళలో నర్సింగ్ చదివే ఫరా ఆపింది. "ముందు ఒళ్ళు చల్లబరచాలి అంకుల్. ఇప్పుడే, ఇక్కడే. ఈ వేడితో గురజాల దాకా ప్రాణం ఆగదు."

పక్కింటి ట్యాంకు కుళాయి తిప్పితే నీళ్ళు టీ కాచుకునేటట్టు వచ్చాయి. షహనాజ్ గట్టు మీది పెరుగు తెచ్చి కాంతమ్మ అరికాళ్ళకి పూసింది. గిన్నెడు పెరుగు ఎంతసేపు.

నిస్సీ లేచి వెళ్ళి వార్డు తలుపు రెండు చేతులా బాదింది.

"చీటీ తెచ్చుకున్నారా?" అంది లోపలి నుంచి సలోమి సిస్టరు.

  నిస్సీ వెనక్కి తిరిగింది. గేటు బయట టార్చి వెలుతుర్లో రాజారత్నం కనపడ్డాడు.

"తాతా, చీటీలు రాసేది నువ్వే గదా."

ముసలాయన వెనక్కి జరిగాడు. "పన్నెండు దాటితే రాయకూడదే అమ్మా. రూలు."

"ఎవరి రూలు?"

 రాజారత్నం అక్కడున్న అరవై మందికీ వినపడేటట్టు చెప్పాడు. కూలికి పోయినోళ్ళు పొద్దున రాలేరనీ, పని దిగి పన్నెండున్నరకో ఒంటిగంటకో పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్ళనీ, తను కిటికీ మూసేసి రేపు రమ్మనేవాడినని చెప్పాడు. సిస్టరు రోజూ పోట్లాడేదట. "అట్టా తిప్పి పంపినోళ్ళలో కొంతమంది మళ్ళీ రాలా. వాళ్ళు రాలేదని నాకు తెలుసు. ఈ చేత్తో ఏ మొహం పెట్టుకుని రాయను?"

"ఇప్పుడు తొమ్మిదే అయింది తాతా," అంది నిస్సీ. "పన్నెండు ఇంకా కాలా. రాయి."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. గేటు దాటి లోపలికి వచ్చాడు. చీకట్లో కూడా తడుముకోకుండా కౌంటరు కిటికీ దగ్గరికి పోయి, తుప్పు పట్టిన గడియ లాగి, అవతలి పక్క స్టూలు మీద కూర్చున్నాడు. కాగితం లేదు. నిస్సీ నడక టిక్కెట్టు తిరగేసి ఇచ్చింది. పేరు కాంతమ్మ. వయసు యాభై రెండు. ఊరు గువ్వలపాడు. పని ముచ్చికలు తీయడం. నంబరు దగ్గర ఆగాడు. ఆస్పత్రి మూసిన రోజు ఆఖరి చీటీ నలభై ఒకటి. నలభై రెండు వేశాడు.

తలుపు తెరుచుకుంది. బయటికొచ్చిన చలికి పట్నం వాళ్ళ కళ్ళద్దాలకి ఆవిరి పట్టింది. తెల్ల చీర, మోచేతుల దాకా మడిచిన జాకెట్టు చేతులు, కాస్త పక్కకి జరిగిన టోపీ. సలోమి సిస్టరు చీటీ చదివి, మూడో మంచం మీద పడుకోబెట్టమంది. తడిగుడ్డలు ఎక్కడున్నాయో ఫరాకి చూపించింది. పేషెంటుతో ఒక్కరే ఉండాలి, మిగతావాళ్ళు వరండాలో కూర్చోండని కసిరింది.

పదింపావుకి కాంతమ్మ కళ్ళు కూతురి మీద నిలిచాయి.

"ఏమే," అంది. "చలేస్తందే. కప్పుకోను ఏం లేదా?"

వరండాలోకి ఆ మాట పాకింది. ముప్పై ఏడు మంది ఆడవాళ్ళు ఒక్కసారి ఏడ్చారు, ఆ వెంటనే నవ్వారు. నిస్సీ మాత్రం వాళ్ళమ్మకి రగ్గు కప్పి, గోడ మూలకి పోయి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది.

సిస్టరు గడప దగ్గరికొచ్చి బయట కూర్చున్న ఆడవాళ్ళని చూసింది. ఒకామె చేయి పట్టుకుని దీపం దగ్గరికి లాగింది. వేళ్ళ చివర్లు మిరప మంటకి తోలు ఊడి ఉన్నాయి. ఇంకొకామెది చూసింది. మూడో చేయి చూడక్కర్లేకపోయింది. "రత్నం," అని కౌంటరు వైపు కేకేసింది. "అందరికీ రాయి. కిటికీ మూయొద్దు."

రాజారత్నం రాశాడు. టిక్కెట్లు అయిపోతే నిస్సీ కరపత్రాల వెనక రాశాడు. ముందు వైపు శ్రమకి నీడ కావాలి, వెనక వైపు దగ్గు, ఆయాసం, చేతులు మంట. పన్నెండు దాటింది. ఒంటిగంట దాటింది. లైన్లో ఆఖర్న, టిక్కెట్టు కొన్నందుకు నడకకొచ్చిన సుధీర్ బాబు నిలబడ్డాడు. బీపీ చూపించుకుందామని.

తెల్లారాక చీటీలన్నీ దగ్గర పెట్టి చదివారు. అన్నిటి మీదా రాజారత్నం రాత కింద సిస్టరు దస్తూరీ, ఆ రోజు తారీఖు, ఆమె సంతకం. చల్లని గదిలో కూర్చుని మాత్రమే పని చేయాలి, రోజూ ఇక్కడికి వచ్చి చూపించుకోవాలి. సుధీర్ బాబు తన చీటీ ఎవరికీ చూపించకుండా జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం ఆరున్నరకి గేటు తీశారు. ఆడవాళ్ళు వచ్చారు గానీ షెడ్డు కిందికి పోలేదు. అనారోగ్యముంటే ఆస్పత్రి చీటీ చూపవలెనని కంపెనీ వాళ్ళే రాయించిన బోర్డు గేటు పక్కన ఉంది. దాని కింద బల్ల మీద వరసగా చీటీలు పెట్టి నేల మీద కూర్చున్నారు. కాంతమ్మ అందరికంటే ముందు కూర్చుంది. లోపల బాగుచేయాల్సిన టిక్కీలు గుట్టలుగా ఉన్నాయి, బుధవారానికి లారీ రావాలి. ఎనిమిదయింది. తొమ్మిదయింది. ఒక్క కాయ కదల్లేదు. సుధీర్ బాబు ముందు బతిమాలాడు, తర్వాత వేరే ఊరి నుంచి మనుషుల్ని తెప్పిస్తానన్నాడు.

"తెప్పించు బాబూ," అంది కాంతమ్మ. "వాళ్ళకీ చీటీలు రాయిస్తాం. పెద్దాయన కిటికీ దగ్గరే ఉన్నాడు."

సుధీర్ బాబు పక్కకి పోయి గుంటూరులో ఉన్న ఓనరుకి ఫోను చేశాడు. చీటీల మీద ఎవరి సంతకముందని ఓనరు అడిగాడు. సలోమి సిస్టరుది అని చెప్పాడు. చనిపోయినామె సంతకం ఎట్టా చేసిందని అడగలేదు ఆయన, లారీ ఎప్పుడొస్తుందని మాత్రం అడిగాడు. అప్పుడు సుధీర్ బాబు జేబులో చీటీ తీసి, నిన్నటి నుంచి పదోసారి చదువుకున్నాడు. జబ్బేమీ లేదు, సరుకు మాత్రం ఎనిమిదింటికల్లా ఆస్పత్రికి పంపాలి, ఆలస్యం చేయకూడదు అని ఉంది. అప్పటికే గంటన్నర ఆలస్యమైంది. ట్రాక్టరు తీయమని డ్రైవరుకి కేకేశాడు.

ట్రాక్టరు వెనక ఆడవాళ్ళు ఊరి నడి రోడ్డు మీద నడిచి వెళ్ళారు. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు. నిస్సీ ఒకటి మొదలెట్టబోతే కాంతమ్మ మోచేత్తో పొడిచింది. అయినా అంత పెద్ద ఊరేగింపు గువ్వలపాడు చూడలేదు. షాపుల వాళ్ళు లేచి నిలబడ్డారు. రాజారత్నం కిటికీ తెరిచి ఒక్కొక్కరికీ చీటీ ఇచ్చాడు, సిస్టరు ఒక్కొక్కరి చేతులూ చూసి లోపలికి పంపింది, వార్డులో మంచాల మధ్య ఎర్రటి గుట్టలు పరుచుకున్నాయి. నడక మీద వచ్చిన డబ్బుతో కూలర్లు అక్కర్లేదని, ఆస్పత్రి పై కప్పు పెంకులు మార్పించారు.

ఆ గురువారం టీవీలో ఎండల వార్తల్లో అన్నిటికంటే పైన పక్కనున్న రెంటచింతల పేరు మళ్ళీ వచ్చింది. నలభై ఎనిమిది. నిస్సీ బస్సెక్కి గురజాల పోయి, హబీబుల్లా బట్టల కొట్లో స్వెటర్లు కావాలంది. మే నెలలో స్వెటర్లు ఎవరికమ్మా అన్నాడు హబీబుల్లా.

"మా అమ్మ వాళ్ళకి. పని కాడ చలేస్తందంట."

ఎక్కడ పని అని ఆయన అడగలేదు. నిచ్చెన వేసుకుని అటక ఎక్కి, ఎన్ని కావాలో చెప్పమన్నాడు.

"ముప్పై ఎనిమిది ఆడవాళ్ళవి," అంది నిస్సీ. "ఒకటి మగాళ్ళది. చేతులు పొడుగ్గా ఉండేది చూడు. కౌంటరు కాడ గాలెక్కువ."