ఎడమకు తిప్పితే ఆగే బండి

బ్యాటరీ కొసలకు పట్టిన తెల్లటి తుప్పు మీద వేడినీళ్ళు పోసి జాన్ పాత పళ్ళ బ్రష్షుతో తోముతుంటే, షెడ్డు ముందు ట్రాలీ ఆటో ఆగింది. ఆయన తలెత్తలేదు. చేతిలో పని ముగిసేదాకా తలెత్తకపోవడం ఆయన అలవాటు. కోరుట్లలో వేములవాడకు పోయే రోడ్డు పక్కన, ఆ రేకుల కింద ఇరవై నాలుగేళ్ళుగా ముక్కాలి పీట మీద కూర్చుని కూర్చుని నడుము ముందుకు వంగిపోయింది. బొటనవేళ్ళ గోళ్ళలోని నలుపు ఏ సబ్బుకూ పోదు. ఊళ్ళోని మెకానిక్కులు ఇంజను పని తాము ఉంచుకుని, కరెంటు అందని బండ్లను మాత్రం ఆయన దగ్గరికి తోలుతారు. తీగల్లో ఎక్కడో దాక్కున్న లోపాన్ని వేళ్ళతో తడిమి పట్టుకుంటాడని పేరు. అంతకు మించి ఆయన గురించి చెప్పుకునేవాళ్ళు లేరు.

బ్యాటరీని గుడ్డతో తుడిచి పక్కన పెట్టి అప్పుడు చూశాడు. ఆటోలోంచి దించుతున్న బండి పాత టూ-స్ట్రోక్. ట్యాంకు ఎరుపు వెలిసి ఇటుక రంగుకు వచ్చింది. కుడివైపు సొట్ట చూడగానే అది ఎవరి బండో తెలిసింది.

"జాన్ కాక నువ్వేనా? నేను వసంతను. మల్లాపూర్ కిష్టయ్య బిడ్డను."

ముప్పై ఏళ్ళ మనిషి. నిద్రలేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆఖరిసారి ఆయన చూసినప్పుడు ఆ పిల్లకు రెండు జడలు, భుజాన బడిసంచి ఉండేవి.

"బాపుకు బాగలేదు కాక. కరీంనగర్ దవఖానల ఇగ ఇంటికి తీస్కపోర్రి అన్నరు. వారం దినాలాయె మంచంల వడి. తెల్లారంగనే బండి కోరుట్లకు తీస్కపో అన్నడు. రెండేండ్ల సంది మూలకున్నది. జానే చెయ్యాలె, చేసి జానే నడుపుకుంట రావాలె అన్నడు. దాని సప్పుడు ఇనాల్నట."

జాన్ తాళంచెవి అందుకున్నాడు. "ఇంకేమన్న అన్నడా?"

"గంతే అన్నడు. నీ నంబరియ్యి కాక. నేనుండ, బాపు దగ్గర మా అవ్వ ఒక్కతే ఉన్నది."

ఆమె అదే ఆటోలో వెళ్ళిపోయింది.

జాన్ కాసేపు బండి చుట్టూ తిరిగాడు. తర్వాత ట్యాంకులోని పాత పెట్రోలు వంచేసి కొత్తది పోశాడు. కార్బురేటరు కడిగాడు. ప్లగ్గు విప్పి ఇంజను తలకు ఆనించి, ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టి కిక్కు కొట్టాడు. మెరుపు రాలేదు. కొత్త ప్లగ్గు పెట్టి కొట్టాడు. రాలేదు. లోపం ప్లగ్గుది కాదు. తాళం దగ్గరి నుంచి ఇంజనుకు పోయే నల్ల తీగను ఊడదీసి మళ్ళీ కొట్టాడు. టప్పుమని నీలం మెరుపు దూకింది.

అంటే కాయిల్ బతికే ఉంది. కరెంటు పుడుతోంది. బండిని ఆపడానికి పెట్టిన ఆ నల్ల తీగే ఎక్కడో ఇనుముకు తగిలి, పుట్టిన కరెంటును పుట్టినట్టే చంపేస్తోంది.

ట్యాంకు విప్పాడు. దాని కింద తీగల కట్ట చూసి చెయ్యి ఆగిపోయింది. తానూ కిష్టయ్యా షెడ్డు పెట్టిన కొత్తలో ఒక ఆదివారమంతా కూర్చుని అల్లిన తీగలవి. ప్రతి అతుకు దగ్గరా టేపు కింద తెల్లటి నూలు దారం చుట్టి ఉంది. టేపు జారినా అతుకు విడవొద్దని కిష్టయ్య అలా చుట్టేవాడు. "దారమే పట్టుకుంటది, టేపు పైపైన సోకు" అనేవాడు. తాటిచెట్లెక్కే ఇంట్లో పుట్టినవాడు, మోకు ముడివేసే తండ్రిని చూసి పెరిగినవాడు. ముడి మీద అతనికి ఉన్న నమ్మకం మరి దేని మీదా ఉండేది కాదు.

నల్ల తీగను మళ్ళీ తగిలించి, హ్యాండిల్ కుడికి తిప్పి కిక్కు కొట్టాడు. మెరుపు. ఎడమకు తిప్పి కొట్టాడు. లేదు. మెడ దగ్గర వేలు పెట్టి తడిమితే దొరికింది. హ్యాండిల్ తిరిగినప్పుడల్లా రాసుకుని రాసుకుని నల్ల తీగ తొడుగు పెసరగింజంత మేర ఊడిపోయింది. లోపలి రాగి మిలమిలలాడుతోంది. అక్కడ కొత్త తొడుగు ఎక్కించి, తీగను కొంచెం వదులుగా పక్కకు కట్టాడు. ప్లగ్గూ ట్యాంకూ బిగించాక, మూడో కిక్కుకు బండి లేచింది. షెడ్డు రేకులు అదిరాయి. ఎదురుగా పండ్లబండి దగ్గరి మనిషి చెవులు మూసుకుంటూ నవ్వాడు.

గోడ గడియారంలో పదకొండుంబావు.

మల్లాపూర్ ముప్పావుగంట దారి. జాన్ బండి ఆపి పీట మీద కూర్చున్నాడు. రాగి మెరుపు కళ్ళముందు నుంచి పోలేదు.

పదహారేళ్ళ కింద ఇదే షెడ్డు ఇద్దరిదీ. ఒక బడిపంతులు బండికి ఊరికే ఫ్యూజు పోయేది. ఒకరోజు ఆయన బస్సు అందుకోవాల్సిన మనిషిలా తొందరపెట్టాడు. లోపం వెతకడానికి జాన్‌కు బద్ధకమైంది. ఫ్యూజు ఉండాల్సిన చోట ఒక రాగి తీగ వంచి పెట్టి పంపేశాడు. మర్నాడు జగిత్యాల రోడ్డు మీద ట్యాంకు కింద తీగలు అంటుకుని పంతులు తొడ కాలింది. నలుగురు మనుషులు వచ్చారు. "ఎవడు చేసిండు గీ పని?" అన్నారు. "నేను గాదు, కిష్టయ్య చేసిండు" అన్న మాట జాన్ నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకు ఇప్పటికీ తెలియదు. వాళ్ళు కిష్టయ్యను చెంప మీద కొట్టారు. కిష్టయ్య కాదనలేదు. జాన్ వైపు ఒక్కసారి చూశాడు. తెల్లవారి తన సామాను సంచిలో వేసుకుని ఇదే బండి మీద మల్లాపూర్ వెళ్ళిపోయి, అక్కడ బావుల మోటార్లు బాగుచేసుకుంటూ బతికాడు.

రేపు పోదాం, వచ్చేవారం పోదాం అని జాన్ అనుకున్నాడు. ఏడాది గడిచాక పోవడం మరీ కష్టమైంది. ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకుని ఎన్నో ఒప్పుకున్నాడు గానీ, ఆ రాగి తీగ సంగతి దేవుడికి కూడా విడిగా చెప్పలేదు.

పన్నెండు దాటాక ఫోన్ మోగింది.

"అయిందా కాక? బాపు అడుగుతున్నడు."

జాన్ ఎదుట బండి సిద్ధంగా నిలబడి ఉంది.

"ఇంక లేదు బిడ్డ. తీగలన్ని ఖరాబైనయి. జర టైం వడుతది."

"మంచిగ చెయ్యి కాక. నేను చెప్త."

ఫోన్ పెట్టాక, అన్న మాటను నిజం చేయడానికా అన్నట్టు మళ్ళీ ట్యాంకు విప్పాడు. సగం పని చేసి తెచ్చాడని కిష్టయ్య అనుకోవద్దు అని తనకు తాను చెప్పుకున్నాడు. మెరుపు పుట్టించే పాయింట్లు గీకి, వాటి మధ్య సందు సరిచేశాడు. హారన్ మోగేలా చేశాడు. వెనక లైటుకు కొత్త బల్బు పెట్టాడు. తర్వాత ఏ లోపమూ లేని పాత తీగలను ఒక్కొక్కటే కత్తిరించి కొత్తవి లాగాడు. ఒక్కో అతుకు వేస్తూ మల్లాపూర్‌లో చెప్పాల్సిన మాట వెతుక్కున్నాడు. 'అన్నా, ఆ దినం...' అనేదాకా వచ్చి ఆగిపోయేది. మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. నూలు దారం చుట్టిన ముక్కలు కాళ్ళ దగ్గర కుప్పపడ్డాయి. వాటిని చీపురుతో ఊడ్చి డబ్బాలో వేశాడు. అన్నం తినలేదు.

మూడింటికి చేతులు కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని బయలుదేరాడు.

బండి ఎక్కడా తడబడలేదు. వరికోతలైన మళ్ళ పక్కన, పసుపు తోటల పక్కన ఒకే గొంతుతో పాడుతున్నట్టు పోయింది. ఒక మలుపులో హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిరిగినా ఆగలేదు. కిష్టయ్య వినగానే పాయింట్లు కొత్తగా సరిచేశావని కనిపెడతాడు అనుకున్నాడు. పొద్దునే రావాల్సింది అని కూడా అనుకున్నాడు. మల్లాపూర్ చేరేసరికి చెప్పాల్సిన మాట చివరిదాకా కుదిరింది. 'తీగ పెట్టింది నేనే అన్నా. దెబ్బ నాది, నువ్వు తిన్నవు.' అంతే. అంత చిన్నదని ఇన్నేళ్ళూ తెలియలేదు.

ఇల్లు ఎక్కడని అడగాల్సిన పని లేకపోయింది. వీధి మొదట్లోనే ఒక వాకిట ముందు చాలా చెప్పులు కనిపించాయి. వేపచెట్టు కింద మగవాళ్ళు నిలబడి ఉన్నారు. బండి చప్పుడుకు అందరూ తిరిగి చూశారు. ఒక ముసలాయన చెయ్యెత్తి, ఆపమన్నట్టు మెల్లగా కిందికి దించాడు. జాన్ తాళం తిప్పాడు. బండి ఆగింది.

వసంత బయటికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"రెండింటికి పోయిండు కాక. నీకు ఫోన్ చేసుడు మర్సిపోయిన."

జాన్ బండికి స్టాండు వేశాడు.

"సప్పుడు మంచిగున్నది," అందామె బండి వైపు చూసి. "నువ్వు తీగలన్ని మార్సవట్టె, లేకుంటే అందకపోదువా. నీదేం లేదు కాక."

పదకొండుంబావుకే అయిందని చెప్పాలనిపించింది. ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాడు. మరో అబద్ధం అలాగే లోపల ఉండిపోయింది.

కిష్టయ్యను మంచం మీంచి దించి నడవలో నేల మీద పడుకోబెట్టారు. మనిషి చిక్కి పిల్లవాడిలా అయ్యాడు. బొటనవేళ్ళ గోళ్ళలో మాత్రం అదే నలుపు. తల దగ్గర అతని భార్య మొగిలవ్వ కూర్చుని ఉంది. జాన్‌ను చూసి కొంగు తీసి ముఖం తుడుచుకుంది.

"అచ్చినవా జాన్. పొద్దటి సంది నీ పేరే. దినాం నవ్వే మనిషి గాదు, ఇయ్యాల నవ్విండు." ఆమె చెయ్యి మంచం వైపు చూపింది. "గా కుర్సీ పక్కింట్ల నుంచి తెప్పిచ్చిండు. జాన్‌ను కింద కూసోవెట్టకుర్రి, మా పనోళ్ళకు మోకాళ్ళుండయి అన్నడు. ఇంకింత దగ్గరికి జరుపు, నాకు గొంతు లేస్తలేదు అన్నడు."

జాన్ ఆ కుర్చీ వైపు రెండడుగులు వేసి ఆగి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. వచ్చినవాళ్ళు వస్తూనే ఉన్నారు. నడవ నిండిపోయి, కొందరు గడప మీదా అరుగు మీదా కూర్చున్నారు.

ఖాళీ మంచం పక్కన, తలగడకు జానెడు దూరంలో, ఉతికిన తువ్వాల మడతపెట్టి పరిచిన ఆ ఇనుప కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోలేదు.