తగరము లేని కళాయి

గురజాలలో కళాయి పూయు షౌకత్ ప్రతిదినము ప్రొద్దు పొడవక మునుపే తిత్తిని భుజమున వేసికొని, భార్య కుల్సుంను వెంటబెట్టుకొని ఊళ్లు తిరుగుచుండెను. ఏ చెట్టు నీడనో గుంత త్రవ్వి, ఆమె తిత్తి ఊదుచుండగా, అతడు ఇత్తడి గిన్నెలను కాచి, నవాసాగరము చల్లి, తగరపు కడ్డీ తాకించి, దూదితో ఒక్క చుట్టు తుడిచెడివాడు. గిన్నె లోపల వెండివలె తెల్లబడెడిది. బూడిదతో తోమగా తోమగా ఆ తెలుపు పోవును. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు కాచినచో కిలుమెక్కి కడుపులో త్రిప్పును. కనుక పల్నాటి ఇల్లాండ్రకు అతనితో పని తప్పదు.

ఇంతలో యుద్ధము వచ్చెను. మలయా దేశము జపానువారి పాలబడినదట. తగరము వచ్చు దారి మూసికొనిపోయెను. షౌకత్ చేతనున్న కడ్డీ చింతగింజంత అయి, అదియు కరగిపోయెను. ఇంట జొన్నలు నిండుకొన్నవి.

ఆ దినములలో నకరికల్లున అంకమ్మ అను రైతు ఇల్లాలు పులుసు గిన్నె తెచ్చి అతని ముందు పెట్టెను. తగరము లేదని చెప్పుటకు నోరు రాక, షౌకత్ ఉత్త దూదితో గిన్నెను రుద్దుచు, తన తల్లి కొలిమియొద్ద కాలిన వ్రేళ్లతోనే తనకు ముద్దలు కలిపి పెట్టిన సంగతి చెప్పసాగెను. చెప్పుట ముగియునప్పటికి గిన్నె తెల్లబడియుండెను. అంకమ్మ దానిని వెలుతురునకు త్రిప్పి చూచి, "ఈ మూల కాస్త పలచన పడింది సాయిబూ. మీ అమ్మను గురించి ఇంకో మాట చెప్పరాదా?" అనెను.

అది మొదలు అతని బేరము కథల మీదనే సాగెను. నవ్వు పుట్టించు కథ పప్పు గిన్నెకు చాలుననియు, పులుసు గిన్నెకు మాత్రము ఏడ్పు కథ కావలెననియు, నవ్వు చింతపండునకు నిలువదనియు దాచేపల్లి స్త్రీలు తీర్మానించిరి. ఒకసారి షౌకత్ పొరుగువాని కథ చెప్పి చూడగా గిన్నె నల్లగనే నిలిచెను. తనదైనదే అంటును. ఆ గిన్నెలలో వండినది తిన్న పిల్లలు, ఎవ్వరును చెప్పకయే, అతని తల్లి పేరు పలికెడివారు.

షౌకత్ మాత్రము ఆ పేరు మరచెను. చెప్పిన కథ చెప్పినట్లే అతనిని విడిచిపోవుచుండెను. తండ్రి, తమ్ముడు, ఈత నేర్చిన వాగు, అన్నియు పోయినవి. పోయిన కథలను కుల్సుం తిరిగి చెప్పి చూచెను. అతడు ఎవరి కథయో విన్నట్లు తల యూపెడివాడు. తుదకు ఒక్కటి మిగిలెను: కుల్సుం కాపురమునకు వచ్చిన నాటి కథ. ఇంట పొయ్యి వెలుగకున్నను దానిని చెప్పనని అతడు పట్టుపట్టెను.

అట్టి సమయమున ఊరిలోని కలవారి ఇల్లాలు శేషారత్నమ్మగారు తమ ఇంటి పెండ్లివంటకు గంగాళము పంపిరి. ఆ పాత్ర ముందు షౌకత్ తల వంచుకొని కూర్చుండెను.

"వద్దే. ఇది కూడా పోతే నువ్వెవరివో నాకు తెలవదు."

"ఆకలితో పోయేకంటే మరిచిపోవటం నయం గదయ్యా. కానీ, చెప్పు," అని కుల్సుం తిత్తి అందుకొనెను.

అతడు చెప్పెను. క్రొత్త కోడలు బెదురుతో పులుసున ఉప్పు రెండుమార్లు వేసినదట. అతడు మాటాడక, మారు వడ్డించుకొని మరీ తిని, ఎవ్వరు చూడకుండ కుండలోని నీరంతయు త్రాగెనట. ఉప్పు సంగతి కుల్సుం అంతవరకు ఎరుగదు. గంగాళము అంచువరకు తెల్లబడెను.

షౌకత్ దూదిని క్రింద పెట్టి, తిత్తియొద్దనున్న స్త్రీని చూచెను. "ఎవరమ్మా నువ్వు? ఎండలో కూర్చున్నావే," అని మర్యాదగా ప్రక్కకు జరిగి నీడ ఇచ్చెను.

పెండ్లినాడు పందిట పులుసు తిన్న ప్రతివారును మంచినీళ్లకై కేకలు వేయుచుండిరి. ఉప్పు సరిగనే ఉన్నదని వంటవాడు ఒట్టు పెట్టుకొనుచుండెను. కుల్సుం అది విని, పనివారి పంక్తి చివర షౌకత్‌ను కూర్చుండబెట్టి, తన చేతితో పులుసన్నము కలిపి పెట్టెను. అతడు మారు వడ్డించుకొని తిని, చెంబెడు నీరు త్రాగి, ఆమె చెవియొద్దకు వంగెను.

"ఏమే కుల్సుం, ఇయ్యాల కూడా రెండుసార్లు వేశావా?"

మరునాడు వారు తిత్తిని ఇంటనే విడిచి, నకరికల్లునకు వడివడిగా నడచిరి. అంకమ్మ ఇంటి పెరటిలో అంట్లు తోముచున్న చప్పుడు వీథిలోనికి వినవచ్చుచుండెను. కుల్సుం వాకిట నిలిచి రొప్పుచు అడిగెను:

"అంకమ్మొదినా, ఆ గిన్నెలో మా అత్త ఇంకా మిగిలే ఉందా?"