చిత్రిక పట్టిన పీట

ముకుందం వేసిన ‘ఎండిన ఏరు’ అచ్చుబొమ్మను మద్రాసు ప్రదర్శనకు తీసుకున్నారని కబురు తెలిసేసరికి పద్మాక్షి పప్పుకు పోపు వేస్తోంది. పెళ్లయి మూడు నెలలు. పోపు మాడుతున్నా వదిలేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, పోస్టాఫీసు నుంచి అతను తెచ్చిన ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. టైపు అక్షరాల్లో భర్త పేరు ఎంత ముద్దుగా ఉందో అనుకుంది.

“అదే అచ్చు ఇంకా నాలుగు పంపమన్నారు,” అన్నాడు ముకుందం. చంద్రగిరి హైస్కూల్లో డ్రాయింగు మాస్టరతను. “ఆ పొద్దు ఒకటే తీసినాను. పద్మా, అమ్మ పీట యాడుండాది?”

పద్మాక్షి చూపు గోడకు ఆనించిన పీట మీదికి పోయింది.

ఆ బొమ్మలో ఉలితో చెక్కిన గీత ఒక్కటీ లేదు. అత్తగారు పెరుందేవి ముప్పై ఏళ్లుగా భోజనాలయ్యాక పీటను తోమి తోమి కడిగితే మెత్తని చెక్క అరిగి, గట్టి చారలు పైకి తేలాయి. వాటికి సిరా పూసి, కాగితం పరిచి, గరిటె వెనకతో రుద్దితే స్వర్ణముఖి ఏటి ఇసుక మేటలు అచ్చంగా దిగాయి. చెక్కలో ముడి ఉన్నచోట సుడి తిరిగింది.

ఆ చారలకే అత్తగారి మడిచీర పోగులు చిక్కుకునేవి. ఆమె ఈ ఉదయం కోవెలకు వెళ్లగానే పద్మాక్షి వడ్రంగి మునెయ్యను పిలిచి చారలు పోయి నున్నగా అయ్యేలా పీటకు చిత్రిక పట్టించింది. అచ్చు తీయడం అయిపోయింది కదా అనుకుంది. అద్దంలా వచ్చిందని మురిసిపోయింది కూడా. ఉత్తరం రెండు గంటలు ముందు వచ్చి ఉంటే!

ముకుందం పీట మీద బొటనవేలు రాశాడు. సిరా పూసి కాగితం ఒత్తాడు. పలకలా నల్లగా వచ్చింది.

“మునెయ్య పనితనం బాగుండాది,” అన్నాడు మెల్లగా. తిట్టినా బాగుండేది.

“నా చీర చినిగితే చినిగింది. నన్నొక మాట అడగకూడదా అమ్మాయ్?” అంది అప్పుడే కోవెల నుంచి తిరిగొచ్చి పీట చూసిన పెరుందేవి. “తోమే చేతులు ఈడనే ఉండాయి. ముప్పై ఏండ్లు యాడ తెచ్చేది?”

చారలు అందులోనైనా మిగిలాయేమో, చిత్రిక పొట్టు ఏరుకొద్దామని పద్మాక్షి లేచింది. అంతలో గుర్తొచ్చింది: పొయ్యిలో పప్పు కింద మండింది అదే.

నల్లగా వచ్చిన కాగితాన్ని మడిచి ఉత్తరం పక్కన పెట్టింది.

“రేపు పొద్దున్నే వాళ్లకు జవాబు నేను రాస్తానండీ,” అంది. “ఒకటే ఉండాది, ఇంక రాదని. ఎవరివల్ల రాదో గూడా రాస్తాను.”