ఓడలో జొన్న రొట్టెలు

ఓడ బొంబాయి రేవు విడిచి రోజులు గడుస్తున్నా లతీఫున్నీసా సముద్రాన్ని కళ్లారా చూడనే లేదు. ఆమె కళ్లకు కనబడిందల్లా పొగ.

సొంతంగా వండుకునే హజ్ యాత్రికుల కోసం ఓడ వెనక భాగంలో ఒక మూల చూపించారు. మూడు వైపులా ఇనుప రేకులు, పైన రేకుల కప్పు. తెరిచి ఉన్న నాలుగో వైపైనా సముద్రం దిక్కు కాదు, సామాన్లు పేర్చిన గోడ దిక్కు. అక్కడ గొంతుక్కూచుని, బొగ్గుల కుంపటి మీద ఆమె జొన్న రొట్టెలు కాల్చేది. ఓడ కుడికి ఒరిగితే పెనం మీది రొట్టె కుడికి జారేది, ఎడమకు ఒరిగితే ఎడమకు. పిండి తట్టే పళ్లేన్ని రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకునేది. కడుపులో తిప్పుతుంటే నిమ్మకాయ బద్ద బుగ్గన పెట్టుకునేది. కళ్లు ధారగా కారేవి. పొగకా, కోపానికా అంటే ఆమెకే తెలియదు.

"ఆపా, జల్ది రా! చేపలు ఎగురుతున్నయ్, పిట్టల లెక్క!" అంటూ నసీమా పరుగెత్తుకొచ్చేది.

నసీమా బెల్లంపల్లి మనిషి. మొగుడు పోయాడు. బొగ్గుబాయిలో పనిచేసి కొలువు దిగిన అన్న బాబు మియాను తోడు తీసుకుని హజ్‌కు బయలుదేరింది. ఓడలో లతీఫున్నీసా దంపతులకూ వాళ్లకూ పక్కపక్కనే ఇనుప మంచాలు దొరికాయి. అన్నాచెల్లెళ్లు ఓడవాళ్లు పెట్టింది తినేవారు, పగలంతా పైనే తిరిగేవారు.

"రొట్టె మాడుతది నసీమా. గిదొక్కటి దించి వస్త."

అదొక్కటి దించి, భర్త తిన్నాక పళ్లెం కడిగి, పిండి చేతులు తుడుచుకుని ఆమె ఓడ అంచు దగ్గరికి వెళ్లేసరికి చేపలూ ఉండేవి కావు, వెలుగూ ఉండేది కాదు. చీకట్లో ఎక్కడో కింద నీళ్లు కదులుతున్న చప్పుడు మాత్రం వినిపించేది.

ఆమె భర్త గులాం నబీ అడవి శాఖలో దరోగాగా చేసి కొలువు దిగాడు. నైజాం హయాంలో చేరాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చాక దిగాడు. మధ్యలో ఆసిఫాబాద్, తిర్యాణి, ఉట్నూరు, జన్నారం, ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి లతీఫున్నీసా గిన్నెలు మూట కట్టుకుని వెంట నడిచింది. పై అధికారులు అడవి తనిఖీకని దౌరా వస్తే దరోగా ఇంట్లోనే ఖానా. వచ్చినవాడు అర్ధరాత్రి వచ్చినా, నలుగురని చెప్పి పదిమందితో వచ్చినా ఆమె పొయ్యి ముట్టించాల్సిందే. ఒకసారి లక్షెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డున పెద్ద సాబు భార్యాబిడ్డలు నీళ్లలో కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే, ఆమె గట్టు మీద వాళ్లకు చేపలు వేయించింది. వాళ్లు తిని జీపెక్కాక తానూ నీళ్ల దాకా దిగింది, గిన్నెలు తోముకోవడానికి.

అందుకే కరీంనగర్‌లో చిన్న ఇల్లు చూసుకుని స్థిరపడ్డాక, హజ్‌కు తమ పేర్లు వచ్చాయని తెలిసిన రోజున గులాం నబీ అన్న మాట ఆమె మనసులో బెల్లప్పాకంలా అంటుకుపోయింది.

"ఇగ నీకు ఫికర్ లేదు లతీఫా. ఓడల వాళ్లే వండి పెడ్తరట. నువ్వు కాలు మీద కాలేసుకొని సముద్రం సూసుకుంట కూసో."

హజ్ చేయడం అల్లా భాగ్యం. దానితోపాటు ఈ కూర్చోవడం కూడా దొరుకుతుందంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. కానీ నమ్మింది. అయినా దారిలో ఎప్పుడైనా పనికొస్తుందని ఆయన చెప్తే జొన్న పిండి డబ్బాలు, పెనం, కుంపటి, పుంటికూర తొక్కు జాడీ కట్టింది.

ఓడలో మొదటి పూట అన్నమూ పప్పూ పెట్టారు. గులాం నబీ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించాడు.

"గిది తిండేనా? గొడ్లకు పెట్టే కుడితి గింతకన్న నయం. పిండి తెచ్చినం కదా, రెండు రొట్టెలు చెయ్."

ఆ రెండు రొట్టెలే ఆమె కొంప ముంచాయి. మరునాడు ఆయన పక్కన నిజామాబాద్ మౌల్వీ ఒకాయన కూర్చున్నాడు. ఆ మరునాడు నాందేడ్ బట్టల వ్యాపారి, ఆయన తమ్ముడు కూడా వచ్చి చేరారు. "మా ఇంటామె చేతి రొట్టె ఒక్కపాలి తిని సూడుండ్రి, మళ్ల అడగకుంటే నన్నడుగుండ్రి" అని గులాం నబీ గడ్డం నిమురుకుంటూ అందరినీ పిలిచేవాడు. వాళ్లు తిని "వాహ్వా" అనేవారు. ఆ వాహ్వాలన్నీ ఆయన ఖాతాలోకే పోయేవి. రేకుల మూలన ఆమె చేతులు బొబ్బలెక్కేవి.

"అజీ, గింతమందికి నాతోని కాదు" అంది ఒకరోజు.

"హాజీలకు పెట్టుడంటే సవాబు కదా. నీకే పుణ్యం."

పుణ్యం అన్నాక ఇక నోరెత్తడానికి లేదు. అదే ఆమెకు మరీ మంట పుట్టించేది.

ఏడెన్ రేవులో నీళ్లు నింపుకోవడానికి ఓడ ఆగింది. దిగి ఊరు చూసి రావచ్చని, సాయంత్రానికల్లా తిరిగి రావాలని చెప్పారు. చిన్న పడవలు ఓడ పక్కకు వచ్చి నిలిచాయి. లతీఫున్నీసా తెల్లవారకముందే లేచి పొద్దటి రొట్టెలు చేసేసింది. ఉతికిన బురఖా తొడుక్కుని, నసీమా పక్కన మెట్ల దగ్గర నిలబడింది. ఆమె వంతు రాబోతుండగా గులాం నబీ వచ్చాడు.

"నువ్వెటు పోతున్నవ్?"

"ఊరు సూసొస్త. మీరు గుడ వస్తుండ్రు కదా?"

"నేను పోయి మంచి మాంసం తీసుకొస్త. మౌల్వీ సాబుకు ఇయ్యాల మన దగ్గర్నే ఖానా అని జబాన్ ఇచ్చిన. నువ్వు గంతల ఉల్లిగడ్డలు కోసి, మసాలా నూరి పెట్టు. ఊర్ల ఏమున్నది, రాళ్లు, దుమ్ము."

వెనక జనం తోసుకొస్తున్నారు. పదిమందిలో మొగుడితో వాదించడం ఆమెకు చేతకాదు. పక్కకు జరిగింది. నసీమా పడవలోంచి తల పైకెత్తి, "ఆపా!" అని పిలిచింది. లతీఫున్నీసా చేయి ఊపింది. ఆ చేతిని ఎందుకు ఊపిందో, పోయి రమ్మనా, నన్నూ తీసుకుపొమ్మనా, ఆమెకే అర్థం కాలేదు.

సాయంత్రం నసీమా ఆమె కోసం రంగు గాజులు తెచ్చింది. కొండ మీదికి ఎక్కామని, అక్కడినుంచి తమ ఓడ అగ్గిపెట్టెలా కనబడిందని చెప్పింది. లతీఫున్నీసా మాంసం కలియబెడుతూ ఊకొట్టింది. ఆ పూట కూరలో కారం ఎక్కువైందని గులాం నబీ అన్నాడు. ఆమె కావాలని వేయలేదు గానీ, ఎక్కువైనందుకు బాధపడనూ లేదు.

మర్నాడు పగలు ఆయన ఒంటరిగా దొరికినప్పుడు అడిగేసింది.

"అజీ, నేను ఓడ ఎక్కిన కాన్నుంచి ఒక్కపాలన్న నిమ్మళంగ సముద్రం సూసిన్నా?"

గులాం నబీ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎటు సూసినా గదే కదా! నీళ్లు. ఇయ్యాల ఉన్నయ్, రేపు ఉంటయ్. యాడికి పోతయ్?"

ఆమె లేచి పోయి కుంపటిలో బొగ్గులు కుమ్మరించింది, కాస్త గట్టిగానే.

జెద్దా ఇంకా ఒక రోజు దూరం ఉందనగా ఓడ పెద్దగా కూత వేసింది. హజ్ దీక్షకు ఎహ్రాం కట్టుకోవాల్సిన చోటు వచ్చింది. మగవాళ్లంతా స్నానాలు చేసి, కుట్టు లేని రెండు తెల్లటి గుడ్డలు చుట్టుకున్నారు. ఎవరు మౌల్వీనో, ఎవరు బొగ్గుబాయి కూలీనో, ఎవరు దరోగానో తెలియకుండా పోయింది. లతీఫున్నీసా కూడా మనసులో సంకల్పం చెప్పుకుని నియ్యత్ చేసుకుంది. ఓడంతా "లబ్బైక్" అని, నీ పిలుపుకు వచ్చానల్లా అని మారుమోగుతుంటే ఆమె ఒళ్లు జలదరించింది. కోపమంతా కడిగేసినట్టయింది. కాసేపు నిజంగానే అలా అనిపించింది.

మధ్యాహ్నం ఆమె కుంపటి ముట్టించలేదు. ముందుగా అనుకుని చేసింది కాదు. తస్బీహ్ పూసలు తిప్పుతూ మంచం మీద కూర్చుంది, లేవబుద్ధి కాలేదు, అంతే.

గులాం నబీ వచ్చి నిలబడ్డాడు. "రొట్టె?"

"చెయ్యలే."

ఆయన ముఖం ఎర్రబడింది. మెడ నరాలు ఉబ్బాయి. నోరు తెరిచాడు. పక్క మంచం మీది బాబు మియా మెల్లగా, "దరోగా సాబ్, ఎహ్రాంల ఉన్నం. జగడం వద్దు" అన్నాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండి, తర్వాత మూసుకుంది. ఆయన విసవిస వెళ్లిపోయాడు.

లతీఫున్నీసా పైకి వెళ్లింది. అప్పటికే దూరాన అరబ్బు తీరపు గీత కనిపిస్తోందని జనమంతా ఆ వైపే ఎగబడ్డారు. ఆమెకు కనబడింది వందల వీపులు. కాసేపు వేళ్ల మీద నిలబడి చూసి, ఆయన ఏమైనా తిన్నాడో లేదో అని ఆలోచన వచ్చి, అలా వచ్చినందుకు తన మీద తనకే చిరాకేసి, కిందికి దిగింది.

హజ్ బాగా జరిగింది. అరఫాత్ ఎండలో గులాం నబీ చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడిస్తే, ఆమె తన కొంగుతో ఆయన తల మీద నీడ పట్టింది. ఆ రోజుల గురించి ఆమె ఎవరి దగ్గరా ఒక్క ఫిర్యాదూ చేయలేదు. కానీ మక్కాలో బస దొరికిన ఇంట్లోనూ పొయ్యి ఉంది. మదీనాలోనూ ఉంది. పిండి చేదెక్కినా ఆయనకు అదే కావాలి.

తిరుగు ప్రయాణానికి జెద్దాలో ఓడ కోసం ఎదురుచూస్తున్నప్పుడు, రేవు బయట గోడ నీడన ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక నల్లటి హబషీ ఆడమనిషి ఇద్దరు పిల్లలతో కూర్చుని, పగిలిన రేకు ముక్క మీద ఏదో కాల్చుకుంటోంది. లతీఫున్నీసా కాసేపు చూసింది. మూట విప్పి పెనం, కుంపటి, మిగిలిన పిండి డబ్బా ఆమె ముందు పెట్టింది. ఆ మనిషి చేతులెత్తి ఏదో భాషలో దువా చేసింది. లతీఫున్నీసాకు ముక్క అర్థం కాలేదు గానీ, అంత తేలికగా ఆమె ఎప్పుడూ ఊపిరి తీసుకోలేదు.

ఓడెక్కాక సంగతి బయటపడింది.

"పెనం ఏది?"

"ఇచ్చేసిన."

"ఎవ్వరికి?"

"పేరు అడగలే."

ఇప్పుడు ఎహ్రాం లేదు. అప్పుడు మూసుకున్న నోరు ఇప్పుడు బార్లా తెరుచుకుంది. నన్ను ఆకలికి సంపుతవా అన్నాడు, గిదేనా హజ్ల నేర్సుకున్నది అన్నాడు, పదిమంది వింటుండగా అన్నాడు. ఆమె తల వంచుకోలేదు.

"నలబై ఏండ్లు మీ దౌరాలకు వండిన. ఓడల గుడ వండిన. మీ మౌల్వీకి, మీ సేటుకు అందరికి వండిన. ఊర్లకు పోతా అంటే ఉల్లిగడ్డలు కొయ్యిమంటిరి. ఇగ నాతోని కాదు. ఓడోళ్లు పెట్టింది తినుండ్రి. తినబుద్ధి కాకుంటే ఉపాసం ఉండుండ్రి."

గులాం నబీ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మాట్లాడటం మానేశాడు. ఆమె లెక్కచేయలేదు. రేపు పొద్దున్నే పైకి వెళ్లి, ఎవరూ లేవకముందే అంచున కూర్చోవాలనుకుంది.

ఏడెన్ దాటగానే రుతుపవనాలు మీద పడ్డాయి. ఓడ గంపలో గుమ్మడికాయలా దొర్లింది. పైకి వెళ్లే తలుపులన్నీ బిగించారు, ఎవరూ రాకూడదన్నారు. కింద గాలి లేదు. వాంతుల వాసన. తల పక్కనే ఇనుప గోడను సముద్రం బాదుతుంటే ఆమె కళ్లు మూసుకుని పళ్లు కొరికింది. ఇన్నాళ్లూ సముద్రం ఉంటే తీరిక లేదు, ఇప్పుడు తీరిక ఉంటే సముద్రం లేదు. దానికి తోడు గులాం నబీకి లేవలేనంత వాంతులు. మాట్లాడని మనిషే అయినా తల పట్టుకోవాలి, డబ్బా అందివ్వాలి, మూతి తుడవాలి. "నా నసీబుల గిదే రాసున్నది" అని ఆమె పైకే అంది. ఆయన విన్నాడు. డబ్బా కోసం మళ్లీ చెయ్యి చాపాడు.

తుఫాను కాస్త తగ్గిన పొద్దున ఆమె కళ్లు తెరిచేసరికి ఆయన మంచం ఖాళీగా ఉంది. లేవబోతే నసీమా ఆపింది. "లైన్ల నిలబడ్డడు ఆపా. మా అన్న వెంట పోయిండు."

చాలాసేపటికి గులాం నబీ గోడలు పట్టుకుంటూ రెండు పళ్లేలతో వచ్చాడు. సగం గంజి ఆయన లుంగీ మీదే ఉంది. ఒక పళ్లెం ఆమె ఒడిలో పెట్టి, "గాడిద కొడుకులు, ముసలోడని సూడరు, తోస్తరు" అని ఓడనంతా తిట్టాడు. ఆమె తాగింది. ఉప్పు లేదు. చెప్పలేదు.

బొంబాయి దగ్గరపడ్డాక తలుపులు తీశారు. లతీఫున్నీసా వెంటనే పైకెక్కింది. సన్నగా వాన పడుతోంది. సముద్రం తాను అనుకున్నట్టు నీలంగా లేదు, వరదొచ్చిన వాగులా మట్టి రంగులో ఉంది. ఎగిరే చేపలు లేవు. అయినా ఆమె తడిసిన బెంచీ మీద కూర్చుంది.

కాసేపటికి గులాం నబీ వచ్చి పక్కన కూలబడ్డాడు. మోకాళ్లు గుంజుతున్నాయన్నాడు. తడిస్తే జ్వరమొస్తుందన్నాడు. "గీ బురద నీళ్లు సూసుడానికా గింత పరేషాన్?" అన్నాడు.

"జర సప్పుడు చెయ్యకుండ్రి."

ఆయన ఊరుకున్నాడు. ఊరుకోగలిగినంతసేపు ఊరుకుని, "ఆకలైతుంది" అన్నాడు.

ఆమె తల తిప్పలేదు. "లైను చిన్నగనే ఉన్నది. పోండ్రి. నాకు గుడ తీసుకరాండ్రి."

ఆయన గొణుక్కుంటూ లేచి పోయాడు. వాన పెద్దదైంది. లోపలికి పొమ్మని ఓడ మనిషి ఒకడు కేక వేశాడు. లతీఫున్నీసా ముఖం మీది నీళ్లు చేత్తో తుడుచుకుంది గానీ కదల్లేదు. అతను రెండోసారి దగ్గరికే వచ్చి చెప్పేదాకా అక్కడే కూర్చుంది.